రెండు రూపాయల తొంభై ఐదు పైసలు

ఫోన్లో పంపితే ఉచితం. బ్యాంకు దాకా నడిచి వెళ్లి పంపితే రుసుము. వీధి చివరి కొట్లో పంపితే వెయ్యికి పది రూపాయలు. డబ్బు ఒకటే, చేరాల్సిన చోటూ ఒకటే. మరి ధర ఎందుకిలా మారుతోంది? ఎవరి మీద ఎక్కువ పడుతోంది?

ప్రతి నెలా ఐదో తారీఖున అమ్మ తెనాలిలో బ్యాంకుకు వెళ్తుంది. సూర్యాపేటలో ఉన్న పిన్నికి మూడు వేలు పంపుతుంది. బాబాయి పోయినప్పటి నుంచీ తప్పని నియమం అది. ఫారం తనే నింపుతుంది. కళ్లజోడు సర్దుకుని, పిన్ని పేరు ఇంటిపేరుతో సహా గుండ్రంగా రాస్తుంది. ఖాతా నంబరులో ఒక్కో అంకె మీదా వేలు పెట్టి రెండుసార్లు సరిచూసుకుంటుంది. కౌంటర్లో ముద్ర వేసి ఇచ్చిన రసీదును పాసుపుస్తకంలో మడిచి పెట్టుకుని ఇంటికి వస్తుంది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పాసుపుస్తకం నా ముందు పెట్టింది.

"ఒరే, ఈ రెండు తొంభై ఐదేంట్రా? నెల నెలా పడుతోంది. నేను పంపింది మూడు వేలేగా?"

చూశాను. మూడు వేల కింద మరో వరుస, రూ.2.95.

"ఛార్జీ అమ్మా. పిన్నిది వేరే బ్యాంకు కదా."

"నువ్వు పంపినప్పుడు నీకెంత పడుతుంది?"

"నేను ఫోన్లో పంపుతాను. ఏమీ పడదు."

అమ్మ ఇంకేమీ అనలేదు. పుస్తకం తీసుకెళ్లి బీరువాలో పెట్టేసింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అరవై ఏళ్లు దాటిన మనిషి, ఎండలో నడిచి వెళ్లి, వరుసలో నిలబడి, తన చేత్తో ఫారం నింపి పంపిన డబ్బుకు రుసుము పడింది. మంచం మీద పడుకుని వేలితో నాలుగుసార్లు నొక్కి పంపే నాకు పడలేదు. ఎందుకని? ఆ లెక్క వెతుక్కుంటూ వెళితే తేలిన సంగతులే ఇవి.

ఇరవైకి రూపాయి

దూరాన ఉన్నవాళ్లకు డబ్బు పంపడం మన దేశంలో మొన్నమొన్నటి దాకా ఉచితం కాదు. 1880లో తపాలా శాఖ మనీఆర్డర్లు మొదలుపెట్టినప్పటి నుంచీ ఊళ్లో చాలామందికి అదే దారి. మన తరం చూసిన ధర ఇరవై రూపాయలకు ఒక రూపాయి కమీషన్. అంటే నూటికి ఐదు. ఆ లెక్కన అమ్మ పంపే మూడు వేలకు 150 రూపాయలు అవుతుంది. పోస్ట్‌మ్యాన్ ఇంటి గుమ్మంలో నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. ఫారం కింద ఉన్న చిన్న గడిలో రెండు వాక్యాల క్షేమసమాచారం కూడా వచ్చేది. అందుకే ఎవరూ ఆ కమీషన్‌ను తప్పుపట్టలేదు.

బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు డీడీ ఉండేది. దానికి కమీషన్ కట్టాలి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, అందుకున్నవాళ్లు తమ బ్యాంకులో వేసి ఎదురుచూడాలి. పొరుగూరి చెక్కు సంగతి మరీ కష్టం. "కలెక్షన్‌కు పంపాం" అన్న మాట విని వారాలపాటు బ్యాంకు చుట్టూ తిరిగినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. ఆ రోజుల్లో రుసుముకు ఒక అర్థం ఉంది. కాగితం బస్సెక్కేది, రైలెక్కేది, సంచిలో ప్రయాణించేది. దాన్ని మోసిన మనిషికి, నడిచిన దూరానికి మనం డబ్బు కట్టాం.

మాసాబ్‌ట్యాంక్‌లో పడిన పునాది

ఆ కాగితం ప్రయాణాన్ని ఆపేసిన పనిలో పెద్ద భాగం హైదరాబాద్‌లోనే జరిగింది. మాసాబ్‌ట్యాంక్ దగ్గర క్యాజిల్ హిల్స్‌లో ఐడీఆర్‌బీటీ ఉంది. బ్యాంకులకు కావలసిన సాంకేతికత మీద పరిశోధన చేయడానికి రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన సంస్థ అది. బ్యాంకులన్నిటినీ కలిపే ప్రత్యేక నెట్‌వర్క్ ఇన్ఫినెట్ 1999లో ఇక్కడి నుంచే మొదలైంది. ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకు భద్రంగా సందేశం పంపే ఎస్‌ఎఫ్‌ఎంఎస్ వ్యవస్థ 2001లో వచ్చింది. ఏ బ్యాంకు కార్డుతోనైనా ఏ ఏటీఎంలోనైనా డబ్బు తీసుకునేలా చేసిన జాతీయ స్విచ్‌ను 2004లో ఇదే సంస్థ ప్రారంభించింది. తర్వాత అది జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది.

ఈ పునాది మీదే బ్యాంకుల మధ్య డబ్బు పంపే పద్ధతులు, 2004 మార్చి 26న ఆర్‌టీజీఎస్, 2005 నవంబరులో నెఫ్ట్ మొదలయ్యాయి. అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు కడప జిల్లా బిడ్డ వై.వి.రెడ్డి. రాత్రీ పగలూ, సెలవు రోజుల్లోనూ క్షణాల్లో డబ్బు పంపే ఐఎంపీఎస్ 2010 నవంబరులో వచ్చేనాటికి ఆ కుర్చీలో ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు ఉన్నారు. ఈ దేశం డబ్బు పంపే తీరు మారిన కీలకమైన కాలంలో రిజర్వు బ్యాంకు పగ్గాలు ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు తెలుగువారి చేతుల్లో ఉన్నాయి.

ఇంతకీ అమ్మ నెఫ్ట్‌లో పంపే మూడు వేలు సూర్యాపేటకు ఎలా చేరతాయి? నిజానికి ఒక్క నోటు కూడా కదలదు. ప్రతి బ్యాంకుకూ రిజర్వు బ్యాంకులో ఒక ఖాతా ఉంటుంది. అమ్మ ఫారం వివరాలు కంప్యూటర్లోకి ఎక్కగానే అవి ఒక సందేశంగా మారతాయి. నెఫ్ట్‌లో అరగంటకు ఒకసారి ఇలాంటి సందేశాలన్నిటినీ ఒకచోట పోగుచేస్తారు. రోజుకు 48 విడతలు. ఈ అరగంటలో ఏ బ్యాంకు మిగతావాటికి ఎంత ఇవ్వాలి, వాటి నుంచి ఎంత రావాలి అని లెక్క కట్టి, తేడా మాత్రమే సర్దుతారు. ఇరుగుపొరుగు వారమంతా చేబదుళ్లు ఇచ్చిపుచ్చుకుని, చివర్లో మిగిలిన తేడా ఒక్కటే చేతికిచ్చుకున్నట్టు. తర్వాత పిన్ని ఖాతాలో మూడు వేలు జమ పడతాయి.

ఆర్‌టీజీఎస్‌లో ఈ పోగుచేయడం ఉండదు. ఏ మొత్తానికి ఆ మొత్తం విడిగా, అప్పటికప్పుడే సర్దుబాటవుతుంది. రెండు లక్షలు, ఆపై మొత్తాలకే అది వర్తిస్తుంది.

రుసుము కరుగుతూ వచ్చింది

కాగితం పోయినా రుసుము వెంటనే పోలేదు. నెఫ్ట్‌కు పదివేల వరకు రూ.2.50, లక్ష వరకు రూ.5, రెండు లక్షల వరకు రూ.15, ఆపైన రూ.25 మించకూడదని రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది. దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండున్నరకు 45 పైసల పన్ను కలిపితే అమ్మ పాసుపుస్తకంలోని రెండు తొంభై ఐదు.

2019లో ఈ కథ మలుపు తిరిగింది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌ల కోసం తాను బ్యాంకుల దగ్గర వసూలు చేసే రుసుమును ఆ ఏడాది జూలై 1 నుంచి రిజర్వు బ్యాంకు వదులుకుంది. ఆ లాభాన్ని ఖాతాదారులకు అందించమని బ్యాంకులకు చెప్పింది. డిసెంబరు 16 నుంచి నెఫ్ట్ ఆదివారాల్లోనూ, అర్ధరాత్రీ పనిచేయడం మొదలైంది. 2020 జనవరి 1 నుంచి పొదుపు ఖాతాదారులు ఆన్‌లైన్‌లో చేసే నెఫ్ట్‌కు బ్యాంకులు ఒక్క పైసా తీసుకోకూడదన్న ఆదేశం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 14 నుంచి ఆర్‌టీజీఎస్ కూడా ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది.

ఈలోగా 2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐ ఇంటింటికీ చేరింది. 2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపులపై ఛార్జీ వేయకూడదని చట్టమే చెప్పింది. కొన్ని బ్యాంకులు నెలకు ఇన్నిసార్లు దాటితే రుసుమని వసూలు చేశాయి. ఆ మొత్తాలు తిరిగి ఇచ్చేయాలని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2020 ఆగస్టు 30న ఆదేశించింది. 2025 ఆగస్టులో తొలిసారిగా ఒక్క నెలలో రెండు వేల కోట్లకు పైగా యూపీఐ లావాదేవీలు జరిగాయి. టీ కొట్టు నుంచి పూల బుట్ట దాకా క్యూఆర్ గళ్ల బొమ్మ లేని చోటు కనపడటం లేదు.

ఇదంతా గొప్ప ప్రగతి. ప్రపంచంలో చాలా దేశాలు చేయలేని పని మనం చేశాం. కానీ 2020 నాటి ఆదేశంలో 'ఆన్‌లైన్‌లో' అన్న ఒక్క మాట ఉంది. అమ్మ ఆ మాటకు అవతల మిగిలిపోయింది. కౌంటర్‌లో ఫారం ఇచ్చేవాళ్లకు ఆ పాత హద్దులే ఇంకా ఉన్నాయి.

ఏ దారికి ఎంత?

• యూపీఐ: ఒకరి ఖాతా నుంచి ఇంకొకరి ఖాతాకు పంపితే ఉచితం.

• నెఫ్ట్, ఆన్‌లైన్: పొదుపు ఖాతాలకు ఉచితం.

• నెఫ్ట్, కౌంటర్: రూ.2.50 నుంచి రూ.25 దాకా, మొత్తాన్ని బట్టి. జీఎస్టీ అదనం.

• ఆర్‌టీజీఎస్, కౌంటర్: ఐదు లక్షల వరకు రూ.24.50, ఆపైన రూ.49.50 మించకూడదు. జీఎస్టీ అదనం.

• ఐఎంపీఎస్: ఏ బ్యాంకు రుసుము ఆ బ్యాంకే నిర్ణయిస్తుంది. పంపేముందు అడగాలి.

• నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు అందుకునేవాళ్లకు ఏ రుసుమూ లేదు.

ఉచితం వెనుక ఉన్న ఖర్చు

బ్యాంకుల వాదన కూడా వినాలి. కౌంటర్లో కూర్చునే ఉద్యోగికి జీతం ఉంది, ఆ గదికి అద్దె ఉంది, ఫారం చదివి కంప్యూటర్లో ఎక్కించడానికి సమయం పడుతుంది. ఫోన్లో పంపేవాళ్లు ఆ పనంతా తమంతట తామే చేసుకుంటున్నారు. ఇది అబద్ధం కాదు.

అలాగని ఫోన్లో పంపడానికి ఖర్చే లేదా అంటే, ఉంది. చెల్లింపుల రుసుములపై రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఒక చర్చాపత్రం విడుదల చేసింది. దుకాణంలో 800 రూపాయలు యూపీఐతో చెల్లిస్తే దాని వెనుక సుమారు 2 రూపాయల ఖర్చు అవుతుందని అందులో అంచనా కట్టారు. ఆ వెంటనే ఆర్థిక శాఖ యూపీఐ ప్రజలందరి ఆస్తి లాంటిదని, దానిపై రుసుము వేసే ఆలోచన లేదని ప్రకటించింది. చిన్న దుకాణాల్లో చిన్న మొత్తాల చెల్లింపులకు 2024-25లో కేంద్రం 1,500 కోట్ల ప్రోత్సాహకాన్ని ఆమోదించింది. అంటే నేను కూరగాయల బండి దగ్గర చేసే ఉచిత చెల్లింపుకు ప్రభుత్వం తన వాటా కడుతోంది. ఆ ప్రభుత్వానికి పన్ను కట్టేవాళ్లలో, సబ్బు కొన్నా నూనె కొన్నా జీఎస్టీ చెల్లించే మా అమ్మ కూడా ఉంది.

ఎవరో ఒకరు ఖర్చు భరించక తప్పదని రిజర్వు బ్యాంకు గవర్నరు సంజయ్ మల్హోత్రా 2025లో గుర్తుచేశారు. పోయిందనుకున్న రుసుము తిరిగి రావచ్చు కూడా. ఆన్‌లైన్ ఐఎంపీఎస్‌ను చాలాకాలం ఉచితంగా ఇచ్చిన స్టేట్ బ్యాంకు 2025 ఆగస్టు 15 నుంచి పాతిక వేలు దాటిన మొత్తాలకు 2 నుంచి 10 రూపాయల దాకా వసూలు చేస్తోంది.

ఖర్చుందని ఒప్పుకుంటే అసలు ప్రశ్న సూటిగా నిలబడుతుంది. ఆ ఖర్చు ఎవరి మీద వేయాలి? ఫోన్ వాడగలిగినవాళ్లకు అందరి డబ్బుతో ఉచితంగా ఇస్తూ, వాడలేనివాళ్ల దగ్గర మాత్రం ముక్కుపిండి తీసుకోవడం ధర్మమేనా?

వెయ్యికి పది

అమ్మకు కనీసం బ్యాంకు ఉంది, నడిచే తీరిక ఉంది. జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో కర్మాగారంలో పనిచేసే కూలీకి అదీ లేదు. ఆ చుట్టుపక్కల సందుల్లో సెల్‌ఫోన్ రీఛార్జి కొట్ల మీద 'మనీ ట్రాన్స్‌ఫర్' అని రాసి ఉంటుంది. జీతాలొచ్చిన వారం సాయంత్రం వెళ్లి చూడండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం నుంచి వచ్చిన మనవాళ్లు నోట్లు చేతిలో పట్టుకుని నిలబడి ఉంటారు. కొట్టతను డబ్బు తీసుకుని, నంబరు కొట్టి, ఊళ్లో ఉన్న భార్య ఖాతాకో తండ్రి ఖాతాకో పంపుతాడు. సాధారణంగా వెయ్యికి పది రూపాయలు తీసుకుంటాడు.

ఐదు వేలు పంపితే యాభై. అదే ఐదు వేలు బ్యాంకు కౌంటర్లో పంపితే రూ.2.95. దాదాపు 17 రెట్ల తేడా. నెల నెలా పంపితే ఏడాదికి 600 రూపాయలు, ఒక రోజు కూలీ అలా పోయినట్టే. అయినా కొట్టుకే వెళ్తారు. ఎందుకంటే బ్యాంకు తెరిచి ఉండే వేళకు వాళ్లు మిషన్ ముందుంటారు. బ్యాంకుకు వెళ్లాలంటే పూట కూలీ పోతుంది. కొట్టతను రాత్రి తొమ్మిదింటికీ ఉంటాడు, ఆదివారమూ ఉంటాడు, వచ్చిన మనిషి భాష అర్థం చేసుకుంటాడు, డబ్బు చేరిందో లేదో ఫోన్ చేసి చెప్పించే దాకా కూర్చోబెడతాడు. ఆ పది రూపాయల్లో ఆ ఓపిక ధర కూడా ఉంది. అతన్ని తప్పుపట్టలేం. అతను తప్ప వేరే దారి లేకుండా మిగిల్చినందుకు మనల్ని మనం తప్పుపట్టుకోవాలి.

వరుసగా పేర్చి చూస్తే బాధ కలుగుతుంది. అన్నీ ఉన్నవాడికి సున్నా. వయసు మళ్లినవాళ్లకు రెండు తొంభై ఐదు. రెక్కల కష్టం తప్ప ఏమీ లేనివాడికి యాభై. మనీఆర్డరు కాలంలో నూటికి ఐదైనా, పేదకూ ధనికుడికీ అదే ఐదు.

"ఫోన్లో పోతే ఎవర్ని అడగాలి?"

"ఫోన్లో నేర్పిస్తానమ్మా" అని నేనూ అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. పక్కింటావిడకు కరెంటు బిల్లు కట్టలేదని ఫోన్ వచ్చింది. చెప్పినట్టల్లా నొక్కింది. మనవరాలి పెళ్లికని దాచుకున్న డబ్బు పది నిమిషాల్లో పోయింది. ఆ రోజు నుంచి ఆ వీధిలో ఆడవాళ్లంతా ఫోన్లో డబ్బు మాటెత్తితే భయపడుతున్నారు.

"ఫోన్లో పోతే ఎవర్ని అడగాలిరా? ఇక్కడైతే కౌంటర్లో ఆ అమ్మాయి కూర్చుని ఉంటుంది" అంది అమ్మ.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మామూలు ఫోన్‌తోనూ డబ్బు పంపే దారులున్నాయి. *99# నొక్కితే తెలుగులోనూ పనవుతుంది, దానికి టెలికం ఛార్జీ 2022లో తీసేశారు. అదే ఏడాది మార్చిలో 123పే వచ్చింది. ఇవి మంచి ప్రయత్నాలే. కానీ అమ్మకు కావలసింది ఇంకో నంబరు కాదు, తప్పు జరిగితే ఎదురుగా కూర్చుని సమాధానం చెప్పే మనిషి. మోసాలు పెరిగిన ఈ రోజుల్లో అది చాదస్తం కాదు, జాగ్రత్త. జాగ్రత్తగా ఉన్నందుకు ఆమె దగ్గర రుసుము తీసుకుంటున్నాం.

డబ్బు మధ్యలో ఆగితే

• నెఫ్ట్ విడత పూర్తయిన రెండు గంటల్లో డబ్బు జమ కావాలి, లేదా వెనక్కి రావాలి. ఆలస్యమైతే, రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటుకు 2 శాతం కలిపి ఆ రోజులకు వడ్డీ ఇవ్వాలి.

• యూపీఐ, ఐఎంపీఎస్‌లలో మన ఖాతాలో తగ్గి, అవతల చేరకపోతే మర్నాటికల్లా తిరిగి జమ కావాలి. ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం.

• బ్యాంకు పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సమాచారానికి ఉచిత నంబరు 14448.

అడిగేది పెద్దదేం కాదు

డెబ్బై దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఇంటి వద్దే బ్యాంకు సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే చెప్పింది. వాళ్ల కష్టం వేరని అప్పుడే గుర్తించింది. ఆ గుర్తింపును ఇంకొక్క అడుగు ముందుకు తీసుకెళ్లాలి. వృద్ధులు, దివ్యాంగులు, కనీస పొదుపు ఖాతాలున్న పేదలు కౌంటర్లో పదివేల దాకా నెఫ్ట్ చేస్తే రుసుము ఉండకూడదు. రిజర్వు బ్యాంకు ఆ సందేశానికి బ్యాంకు దగ్గర ఏమీ తీసుకోవడం లేదు. ఇక బ్యాంకు వదులుకోవాల్సింది మనిషికి రెండున్నర.

రెండోది కూలీల సంగతి. చిన్న దుకాణాల్లో యూపీఐ వాడకాన్ని ప్రభుత్వం ప్రోత్సహిస్తున్నట్టే, కూలీ డబ్బు ఊరికి పంపే ఏజెంటుకూ కొంత కట్టి, ఆ మేరకు కూలీ దగ్గర తీసుకునేది తగ్గించవచ్చు. జీతాల వారంలో పారిశ్రామికవాడల బ్యాంకు శాఖలు రెండు సాయంత్రాలు ఆలస్యంగా మూసినా చాలామందికి ఆ యాభై మిగులుతుంది.

ఫిబ్రవరి ఐదున నేనూ అమ్మతో కలిసి బ్యాంకుకు వెళ్లాను. అమ్మ ఎప్పటిలాగే పిన్ని పేరు గుండ్రంగా రాసింది. ఇన్నేళ్లూ ఆ పేరును యంత్రం పట్టించుకోలేదని ఆమెకు తెలియదు. నెఫ్ట్‌లో ఖాతా నంబరే లెక్క. పంపేముందు అవతలి ఖాతా ఎవరి పేరున ఉందో చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి అన్ని బ్యాంకులూ, శాఖకు వచ్చినవాళ్లకు కూడా, ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కౌంటర్లో అమ్మాయి నంబరు కొట్టి, తెర మీద వచ్చిన పేరు పైకి చదివింది.

"ఆఁ, మా చెల్లెలే" అంది అమ్మ తృప్తిగా.

ముద్ర పడింది. పాసుపుస్తకంలో ఎప్పటిలాగే రెండో వరుసా పడింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పిన్నికి ఫోన్ చేసింది.

"పడ్డాయా?"

"పడ్డాయక్కా."

"మూడు వేలూ పడ్డాయా? ఏమీ కొయ్యలేదుగా?"

"మూడు వేలూ పడ్డాయి."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "కోత నాకే పడిందిలే, దానికి పడలేదు" అంటూ రసీదు మడిచి పుస్తకంలో పెట్టుకుంది.